కర్నూలు కోర్టు దగ్గర దొరికే ‘జడ్జీలు, రాజకీయాలు’ వైవా నోట్సు: కొనండి, కానీ జర్మనీ పేజీలు దిద్దుకుని చదవండి

“రాజకీయాల్లో ఉన్న మనిషి జడ్జి కావచ్చా? అయితే ఆయన మాట జనం నమ్ముతారా?” జూనియర్ డివిజన్ సివిల్ జడ్జి వైవాకు వెళ్లేవాళ్లు తప్పక తయారై ఉండాల్సిన ప్రశ్న ఇది. ఈ ఒక్క ప్రశ్న చుట్టూ తయారుచేసిన స్పైరల్ నోట్సు కర్నూలులో కోర్టు చుట్టుపక్కల జిరాక్సు షాపుల్లో దొరుకుతోంది. నీలం అట్ట, ఏ4 సైజు, 118 పేజీలు, 160 రూపాయలు. రాసినవాళ్ల పేరు లోపల ఎక్కడా లేదు. షాపువాళ్లు ‘జర్మనీ నోట్సు’ అంటేనే తీసిస్తారు. మధ్యలో ఉన్న ఇరవై ఏడు పేజీల జర్మనీ అధ్యాయమే దీనికి పేరు తెచ్చింది. తప్పులు ఎక్కువగా ఉన్నది కూడా అక్కడే.

ముందు ఒక మాట. మన దేశం గురించిన మొదటి భాగానికే ఈ 160 రూపాయలు గిట్టుబాటవుతాయి. జర్మనీ భాగం ఎంచుకున్న దారి చాలా మంచిది. అయితే ఉన్నది ఉన్నట్టు బట్టీపట్టి వైవా బోర్డు ముందు అప్పజెబితే, ఎదురుగా కూర్చున్న హైకోర్టు న్యాయమూర్తి ఒక్క ఎదురుప్రశ్న వేయగానే దొరికిపోతారు. ఎక్కడెక్కడ దిద్దుకోవాలో కింద వివరంగా ఉంది.

కొనేటప్పుడు చూడాల్సినవి మొదట. చాలా షాపుల్లో అమ్ముతున్నది జిరాక్సుకు జిరాక్సు. మూడో తరం కాపీకి వచ్చేసరికి ఒత్తులు పోయాయి. ‘రాష్ట్ర’ అన్న మాట ‘రాషర’లా కనిపిస్తుంది, ‘పక్షపాతం’లో క్ష కింద అంతా నల్ల మచ్చ. దీనికి తోడు మొదట అను ఫాంట్లలో టైపు చేసి తర్వాత యూనికోడుకు మార్చినట్టుంది, అరసున్నలు, పొల్లులు చెల్లాచెదురయ్యాయి. జర్మన్ పేర్లలో అచ్చు మీద రెండు చుక్కలుండే అక్షరం వచ్చిన ప్రతిచోటా ఖాళీ డబ్బా అచ్చయింది. అందుకే మ్యూలర్ అన్న పేరు ఒక పేజీలో మిల్లర్, ఇంకో పేజీలో మల్లర్, మరోచోట ‘ఎం’ తర్వాత డబ్బా. ముగ్గురు వేరే మనుషులనుకునే ప్రమాదం ఉంది. షాపులో నిలబడే 61వ పేజీ తీసి చూడండి. అక్కడి పట్టికలో సంవత్సరాలు చదవగలిగితే ఆ కాపీ తీసుకోవచ్చు. 3, 8 ఒకేలా కనిపిస్తే కంప్యూటరులోని పీడీఎఫ్ నుంచి కొత్తగా ప్రింటు తీసిమ్మని అడగండి. పది, ఇరవై ఎక్కువైనా నష్టం లేదు. 72, 73 పేజీలు తారుమారయ్యాయి, అది అన్ని కాపీల్లోనూ ఉన్న తప్పే. పైన వేసే ప్లాస్టిక్ షీటు మే నెల ఎండకు వంకరపోతుంది. మామూలు అట్టతో సెంటర్ పిన్ను కొట్టించుకుంటే సంచిలో నలగకుండా ఉంటుంది.

మొదటి భాగం 57 పేజీలు. రాజకీయాల నుంచి న్యాయపీఠానికి, న్యాయపీఠం నుంచి రాజకీయాలకు వెళ్లిన మనవాళ్ల గురించి. ఇది రాసినవాళ్లకు పట్టు ఉందని తెలుస్తుంది. కోకా సుబ్బారావుగారు గుంటూరులో 1954లో మొదలైన ఆంధ్ర హైకోర్టుకు తొలి ప్రధాన న్యాయమూర్తి కావడం, భారత ప్రధాన న్యాయమూర్తిగా ఉండగా 1967 ఫిబ్రవరిలో, ప్రాథమిక హక్కులను పార్లమెంటు సవరణతో తగ్గించకూడదన్న గోలక్‌నాథ్ తీర్పు ఇవ్వడం, అదే ఏడాది ఏప్రిల్లో రాజీనామా చేసి రాష్ట్రపతి పదవికి పోటీచేసి జాకీర్ హుస్సేన్ చేతిలో ఓడిపోవడం, అన్నీ వరుస తప్పకుండా ఉన్నాయి. వి.ఆర్. కృష్ణయ్యర్ 1957 కేరళ మంత్రివర్గంలో న్యాయ, హోం శాఖలు చూసి, 1968లో కేరళ హైకోర్టుకు, 1973లో సుప్రీంకోర్టుకు వెళ్లిన తీరు బాగా చెప్పారు. బహరుల్ ఇస్లాం రాజ్యసభ నుంచి గౌహతి హైకోర్టుకు, అక్కడి నుంచి సుప్రీంకోర్టుకు, 1983లో రాజీనామా చేసి మళ్లీ రాజ్యసభకు వెళ్లడం కూడా దాచకుండా రాశారు. బోర్డు ముందు మంచి ఉదాహరణలే కాదు, ఇబ్బందిపెట్టే ఉదాహరణలూ చెప్పగలగాలి. ఆ విషయంలో ఈ భాగానికి పూర్తి మార్కులు.

కె.ఎస్. హెగ్డే దగ్గర మాత్రం మన ప్రాంతానికి తగిలే తీగను వదిలేశారు. హెగ్డే 1952 నుంచి 1957 వరకు రాజ్యసభ సభ్యుడు, తర్వాత మైసూరు హైకోర్టు జడ్జి, ఆపై సుప్రీంకోర్టు. 1973లో సీనియారిటీని పక్కనపెట్టి ఎ.ఎన్. రేను ప్రధాన న్యాయమూర్తిని చేసినప్పుడు తోటి జడ్జీలు షెలత్, గ్రోవర్‌లతో కలిసి రాజీనామా చేశారు. 1977లో లోక్‌సభకు గెలిచారు. ఆ జులైలో స్పీకరు కుర్చీ ఖాళీ అయింది ఎవరి వల్ల? అనంతపురం జిల్లా ఇల్లూరులో పుట్టిన నీలం సంజీవరెడ్డిగారు రాష్ట్రపతి కావడానికి స్పీకరు పదవి వదులుకోవడం వల్ల. ఆయన తర్వాత ఆ కుర్చీలో కూర్చున్నది హెగ్డేయే. అనంతపురం, కర్నూలు అభ్యర్థి ఈ ఒక్క వాక్యం కలుపుకుంటే జవాబు పుస్తకంలోంచి కాక మనసులోంచి వచ్చినట్టుంటుంది. 34వ పేజీ అంచున రాసిపెట్టుకోండి.

ఇక జర్మనీ. ఈ అధ్యాయం ఒకే ఒక్క మనిషి జీవితాన్ని పట్టుకుని నడుస్తుంది: పీటర్ మ్యూలర్. జిల్లాస్థాయి జడ్జి, రాష్ట్ర శాసనసభ్యుడు, ముఖ్యమంత్రి, చివరికి దేశపు అత్యున్నత రాజ్యాంగ న్యాయస్థానంలో న్యాయమూర్తి. మన దగ్గర ఇన్ని మెట్లూ ఎక్కిన ఉదాహరణ దొరకడం కష్టం. ఎంపిక నిజంగా గొప్పది. పది పేర్లు ముక్కలు ముక్కలుగా చెప్పేకంటే ఒక్క మనిషిని మొదటి నుంచి చివరిదాకా చెబితే వినేవాళ్లకూ పట్టు దొరుకుతుంది.

తప్పు తొలి పేజీలోనే మొదలవుతుంది. “జర్మనీలో లా డిగ్రీ కాగానే పోటీ పరీక్ష రాసి జడ్జి అవుతారు” అని ఉంది. అది మన పద్ధతి. అక్కడ విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రం చదివాక మొదటి రాజ్య పరీక్ష. అది దాటాక రెండేళ్ల ఆచరణ శిక్షణ: సివిల్ కోర్టు, ప్రాసిక్యూషన్ లేదా క్రిమినల్ కోర్టు, ప్రభుత్వ పాలనా కార్యాలయం, లాయరు ఆఫీసు, ఇలా ఒక్కోచోట కొన్ని నెలలు. దాని చివర రెండో రాజ్య పరీక్ష. మామూలుగా ఈ రెండూ దాటినవాళ్లకే జడ్జి పదవికి అర్హత, విశ్వవిద్యాలయాల్లోని న్యాయశాస్త్ర ప్రొఫెసర్లకు మాత్రం మినహాయింపు ఉంది. ఆ తర్వాత కూడా వెంటనే శాశ్వత నియామకం ఉండదు. కనీసం మూడేళ్లు ప్రొబేషన్ జడ్జిగా పనిచేశాకే జీవితకాల నియామకం ఇవ్వొచ్చు, ఐదేళ్లు దాటకుండా తేల్చాలి. విడిగా జడ్జి పోటీ పరీక్ష అంటూ ఉండదు, రెండు రాజ్య పరీక్షల్లో వచ్చిన మార్కులే గీటురాయి. రాజ్యాంగ న్యాయస్థానానికి ఎన్నికయ్యేవాళ్లకూ ఈ అర్హత తప్పనిసరి. అంటే ఎంత పెద్ద నాయకుడైనా ఈ న్యాయ అర్హత లేని మనిషి అక్కడికి వెళ్లలేడు. నోట్సులో ఈ ముక్క లేకపోవడం వల్ల మొత్తం కథ ‘పార్టీ తలచుకుంటే ఎవరినైనా జడ్జిని చేస్తుంది’ అన్నట్టు తయారైంది.

మ్యూలర్ వివరాలు 61వ పేజీ పట్టికలో ఉన్నాయి. సరైన వరుస ఇది. 1955లో సార్లాండ్ రాష్ట్రంలోని ఇల్లింగెన్‌లో పుట్టారు. సార్లాండ్ అంటే ఫ్రాన్స్ సరిహద్దున దాదాపు పది లక్షల జనాభా ఉన్న చిన్న రాష్ట్రం. 1957 జనవరి 1న పశ్చిమ జర్మనీలో చేరింది. బాన్, సార్‌బ్రూకెన్‌లలో చదివి, 1986లో రెండో రాజ్య పరీక్ష పూర్తిచేసి, ఒట్‌వైలర్ స్థానిక కోర్టులో, సార్‌బ్రూకెన్ ప్రాంతీయ కోర్టులో జడ్జిగా పనిచేశారు. 1990లో క్రిస్టియన్ డెమోక్రాట్ పార్టీ తరఫున రాష్ట్ర శాసనసభకు వెళ్లారు. 1995లో రాష్ట్ర పార్టీ అధ్యక్షుడు. 1999 సెప్టెంబరు నుంచి 2011 ఆగస్టు దాకా ముఖ్యమంత్రి. 2009లో క్రిస్టియన్ డెమోక్రాట్లు, ఫ్రీ డెమోక్రాట్లు, గ్రీన్స్ కలిసి జర్మనీలో తొలిసారి ఒక రాష్ట్రాన్ని ఏలింది ఆయన నాయకత్వంలోనే. మూడు పార్టీల రంగులు నలుపు, పసుపు, ఆకుపచ్చ. జమైకా జెండా రంగులూ అవే కాబట్టి దానికి జమైకా కూటమి అని పేరు. నోట్సు దాన్ని “జమైకా దేశంతో ఒప్పందం” అని రాసింది! వెంటనే కొట్టేయండి.

“ముఖ్యమంత్రి పదవి వదిలిన మర్నాడే జడ్జి అయ్యాడు” అన్న వాక్యం కూడా తప్పే. ఆగస్టులో దిగిపోయారు, నవంబరు 25న రాష్ట్ర ప్రభుత్వాల ప్రతినిధులుండే సభ బుండెస్రాట్ ఎన్నుకుంది, డిసెంబరులో పదవి చేపట్టారు. మధ్యలో నాలుగు నెలల వ్యవధి ఉంది. నాలుగు నెలలు చాలా అన్నది వేరే సంగతి. జర్మనీలోనూ ఆ ప్రశ్న గట్టిగానే వినిపించింది, అది జవాబులో చెప్పొచ్చు. కానీ ‘మర్నాడే’ అంటే మాత్రం తేదీ తెలియదని తేలిపోతుంది.

మాటల గందరగోళం ఇంకోటి ఉంది. 66వ పేజీలో “జుట్టా లింబాహ్ బెర్లిన్ సెనేటర్, అంటే ఎగువసభ సభ్యురాలు” అని, 70వ పేజీలో “మ్యూలర్ రెండో సెనేట్ సభ్యుడు, అంటే ఆయన కూడా ఎంపీ” అని ఉంది. ఒకే మాట, రెండు తప్పులు. బెర్లిన్, హాంబుర్గ్, బ్రెమెన్ నగర రాష్ట్రాల్లో మంత్రిని సెనేటర్ అంటారు. లింబాహ్ 1989 నుంచి 1994 వరకు బెర్లిన్ న్యాయశాఖ మంత్రి. తర్వాత రాజ్యాంగ న్యాయస్థానానికి వెళ్లి, 1994 నుంచి 2002 వరకు దానికి తొలి మహిళా అధ్యక్షురాలిగా ఉన్నారు. రాజ్యాంగ న్యాయస్థానంలో సెనేట్ అంటే బెంచి. ఎనిమిది మంది చొప్పున రెండు సెనేట్లు, మొత్తం పదహారు మంది. మ్యూలర్ రెండో సెనేట్‌లో ఉన్నారంటే రెండో బెంచిలో ఉన్నారని. ఎంపీ పదవికీ దానికీ సంబంధమే లేదు. నిజానికి పార్లమెంటులో గాని, కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాల్లో గాని ఉంటూ ఆ న్యాయస్థానంలో కూర్చోకూడదని వాళ్ల రాజ్యాంగమే చెబుతుంది.

కార్ల్స్‌రూహ నగరం గురించీ ఇలాంటిదే. అక్కడ రెండు పెద్ద కోర్టులున్నాయి. ఒకటి 1951లో పెట్టిన ఫెడరల్ రాజ్యాంగ న్యాయస్థానం. రెండోది సివిల్, క్రిమినల్ కేసుల్లో తుది అప్పీలు వినే ఫెడరల్ న్యాయస్థానం. నోట్సు రెండింటినీ కలిపి ‘జర్మన్ సుప్రీంకోర్టు’ అనేసింది. అక్కడ మన సుప్రీంకోర్టు లాంటిది ఒక్కటి లేదు. పాలనా వివాదాలకు లైప్‌జిగ్, పన్నులకు మ్యూనిక్, కార్మిక వివాదాలకు ఎర్ఫుర్ట్, సామాజిక భద్రతకు కాసెల్, ఇలా ఐదు అత్యున్నత కోర్టులు ఐదు ఊళ్లలో ఉన్నాయి. రాజ్యాంగ న్యాయస్థానం వాటికి విడిగా ఉంటుంది. హైకోర్టు ఒకచోట, బెంచి ఇంకోచోట అన్న చర్చ కర్నూలులో 1937 శ్రీబాగ్ ఒడంబడిక నాటి నుంచీ నలుగుతున్నదే. కాబట్టి ఈ సంగతి కర్నూలు అభ్యర్థి నోట సహజంగా వస్తుంది. రాజధాని ఒకచోట ఉంటే కోర్టులు ఇంకోచోట ఉండటం జర్మనీకి కొత్తేమీ కాదు.

ఈ అధ్యాయంలో అసలు లోటు ఇప్పుడు చెప్పేది. మ్యూలర్ ఎన్నికవడంతో నోట్సు ఆగిపోయింది. బోర్డు అడిగేది ఆ తర్వాతి సంగతి: నిన్నటి ముఖ్యమంత్రి ముందుకు తన పాత రాజకీయానికి సంబంధించిన కేసు వస్తే ఏం జరిగింది? దానికి ఆయన విషయంలోనే రెండు జవాబులున్నాయి, రెండూ వేర్వేరు దిక్కులకు తిరిగాయి.

మొదటిది ఎన్‌పీడీ అనే అతివాద పార్టీని నిషేధించాలని బుండెస్రాట్ 2013లో వేసిన కేసు. ఆ కేసులో నివేదిక తయారుచేసే న్యాయమూర్తి మ్యూలరే. ఆయనా, తురింగియా రాష్ట్రానికి హోంమంత్రిగా ఉండి వచ్చిన పీటర్ హ్యూబర్ అనే ఇంకో న్యాయమూర్తీ రాజకీయాల్లో ఉన్నప్పుడు తమకు వ్యతిరేకంగా మాట్లాడారని, వాళ్లిద్దరినీ తప్పించాలని ఆ పార్టీ అడిగింది. 2016 మార్చిలో కోర్టు ఆ అభ్యంతరం కొట్టేసింది. నాయకుడిగా ఒక పార్టీని విమర్శించినంత మాత్రాన, తర్వాత జడ్జిగా నిష్పక్షపాతంగా చూడలేడని అనుకోనక్కర్లేదు. 2017 జనవరి 17న తీర్పు వచ్చింది. ఆ పార్టీ ఆశయాలు రాజ్యాంగ విరుద్ధమే, కానీ వాటిని సాధించే సత్తా దానికి ఉన్నట్టు గట్టి ఆధారాలు లేవు కాబట్టి నిషేధం లేదు. పక్షపాతి అని ఎవరిని వద్దన్నారో, ఆయన కూర్చున్న బెంచే వాళ్లను నిషేధించలేదు.

రెండోది ఆత్మహత్యకు సాయం చేయడం గురించిన కేసు. అలాంటి సాయాన్ని పదేపదే చేసే పనిగా పెట్టుకోవడాన్ని నేరం చేస్తూ 2015లో శిక్షాస్మృతిలో 217వ సెక్షను పెట్టారు. దాన్ని సవాలు చేసిన కేసులు రెండో సెనేట్‌కు వచ్చాయి. మ్యూలర్ ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు 2006లోనే సార్లాండ్ మరో రెండు రాష్ట్రాలతో కలిసి ఇలాంటి శిక్షాచట్టం కోసం బుండెస్రాట్‌లో బిల్లు పెట్టింది. ఆయన స్వయంగా ఆ వైపు గట్టిగా నిలబడి మాట్లాడారు. ఇక్కడ న్యాయస్థాన చట్టంలోని రెండు సెక్షన్లను విడదీసి చూడాలి. 18వ సెక్షను ప్రకారం, చట్టం చేసే ప్రక్రియలో పాల్గొన్నంత మాత్రాన జడ్జి దానంతటదే అనర్హుడు కాడు. 19వ సెక్షను పక్షపాతం ఉంటుందేమోనన్న సహేతుకమైన భయం గురించి. 2018లో ఈ రెండో సెక్షను కింద అభ్యంతరాన్ని కోర్టు ఒప్పుకుంది, మ్యూలర్ ఆ కేసులో కూర్చోలేదు. 2020 ఫిబ్రవరి 26న ఆయన లేకుండానే 217వ సెక్షను చెల్లదని తీర్పు వచ్చింది.

తప్పించిన జడ్జి స్థానంలో ఎవరు? అక్కడ ఎవరి ఇష్టమూ పనిచేయదు. అవతలి సెనేట్ జడ్జిల్లోంచి లాటరీ తీసి ఒకరిని పిలుస్తారు. బోర్డుకు కచ్చితంగా నచ్చే వివరం ఇది, నోట్సులో ఒక్క ముక్క కూడా లేదు. మన పద్ధతిలో ఉన్న తేడా ఇక్కడే చెప్పాలి. సుప్రీంకోర్టు, హైకోర్టుల్లో తప్పుకోవాలా వద్దా అన్నది మామూలుగా ఆ జడ్జి తానే తేల్చుకుంటారు. జాతీయ న్యాయనియామకాల కమిషన్ కేసులో జస్టిస్ ఖేహర్‌ను తప్పుకోమని అడిగితే ఆయన కారణాలు రాసి నిరాకరించారు. ఆ బెంచే 2015 అక్టోబరు 16న కమిషన్ను కొట్టేసింది. జర్మనీలో అయితే అభ్యంతరం వచ్చిన జడ్జిని పక్కనబెట్టి మిగతావాళ్లు తేలుస్తారు. ఈ పోలిక రెండు వాక్యాల్లో చెప్పగలిగితే జర్మనీ అధ్యాయం చదివినందుకు ఫలితం దక్కినట్టే.

ఎన్నిక పద్ధతి గురించి 76వ పేజీలో “అధికార పార్టీ చెప్పినవాడే జడ్జి” అని ఉంది. ఇదీ సరికాదు. సగం మందిని జనం ఎన్నుకున్న పార్లమెంటు సభ బుండెస్టాగ్, సగం మందిని బుండెస్రాట్ ఎన్నుకుంటాయి, ప్రతి ఒక్కరికీ మూడింట రెండొంతుల ఓట్లు కావాలి. ఏ ఒక్క పార్టీకీ అంత బలం ఉండదు కాబట్టి ప్రతిపక్షంతో మాట్లాడుకోక తప్పదు. పార్టీలు ముందే కూర్చుని నీకు ఒకరు, నాకు ఒకరు అని పంచుకుంటాయన్న విమర్శ నిజమే, అదీ చెప్పాలి. కానీ ఆ పంపకంలో మరీ మొండి మనిషి పేరు నిలవదు. కనీస వయసు నలభై. పదవీకాలం పన్నెండేళ్లు, లేదా అరవై ఎనిమిదేళ్లు నిండేదాకా, ఏది ముందైతే అది. రెండోసారి ఎన్నికవడం లేదు. మళ్లీ పదవి రాదని తెలిసిన జడ్జికి, తనను పంపిన పార్టీకి తలొగ్గాల్సిన పనిలేదు. మ్యూలర్ 2011 డిసెంబరులో వచ్చారు, 2023 సెప్టెంబరులో అరవై ఎనిమిదేళ్లు నిండాయి, తర్వాతి జడ్జి వచ్చేదాకా కొనసాగి 2023 చివర్లో దిగిపోయారు. ప్రతి సెనేట్‌లోనూ కనీసం ముగ్గురు అత్యున్నత ఫెడరల్ కోర్టుల్లో పనిచేసి వచ్చినవాళ్లు ఉండాలన్న నియమం కూడా రాసుకోండి.

పనిలో ఉన్న మామూలు జడ్జి రాజకీయాల్లోకి వెళ్లాలంటే ఏం చేయాలన్నది నోట్సు ఒక పేరాలో బాగానే చెప్పింది, సెక్షన్లు మాత్రం ఇవ్వలేదు. జర్మన్ జడ్జీల చట్టంలో 4వ సెక్షను: తీర్పు చెప్పే పని, చట్టం చేసే పని, పాలించే పని కలిపి చేయకూడదు. 36వ సెక్షను: ఎన్నికల్లో నిలబడటానికి ఒప్పుకుంటే, పోలింగుకు ముందు రెండు నెలలు జీతం లేని సెలవు. గెలిచి సభ్యత్వం తీసుకుంటే జడ్జిగా పనిచేసే హక్కు, బాధ్యత ఆగిపోతాయి. 39వ సెక్షను: రాజకీయ వ్యవహారాలతో సహా, కోర్టు లోపలా బయటా జడ్జి నడవడిక వల్ల తన స్వతంత్రత మీద నమ్మకం దెబ్బతినకూడదు. అక్కడ జడ్జి పార్టీ సభ్యుడిగా ఉండటం తప్పు కాదు. మన దగ్గర 1997లో సుప్రీంకోర్టు పూర్తి కోర్టు ఆమోదించిన న్యాయజీవన విలువల పత్రాన్ని దీని పక్కన పెట్టి చదివితే తేడా స్పష్టంగా తెలుస్తుంది. రోమన్ హెర్త్సోగ్ గురించిన చిన్న పెట్టెలో వరుస తారుమారైంది. ఆయన మొదట బాడెన్ వుర్టెంబెర్గ్ రాష్ట్రంలో విద్యాసంస్కృతుల మంత్రి, తర్వాత హోంమంత్రి. 1983లో రాజ్యాంగ న్యాయస్థానానికి వెళ్లి 1987లో దాని అధ్యక్షుడయ్యారు. 1994లో దేశాధ్యక్షుడు. నోట్సు చివరిదాన్ని మొదట పెట్టింది.

జర్మనీ పేరెత్తాక మూలస్వరూప సిద్ధాంతం, అంటే రాజ్యాంగపు మూలస్వరూపాన్ని సవరణతో కూడా మార్చకూడదన్న సూత్రం, చెప్పకపోవడం పెద్ద వెలితి. 1949 జర్మన్ రాజ్యాంగంలో 79వ అధికరణం మూడో ఉపాంగం కొన్ని మూలసూత్రాలను ఏ సవరణతోనూ తీసేయకూడదని చెబుతుంది. డీటర్ కొన్రాడ్ అనే జర్మన్ న్యాయపండితుడు 1965లో బెనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో సవరణ అధికారానికి ఉన్న హద్దుల మీద ప్రసంగించారు. ఆ ఆలోచన న్యాయవాది ఎం.కె. నంబియార్ ద్వారా గోలక్‌నాథ్ వాదనల్లోకి వచ్చింది. ఆ సిద్ధాంతాన్ని నిలబెట్టిన 1973 ఏప్రిల్ 24 కేశవానంద భారతి తీర్పులో జస్టిస్ ఖన్నా కొన్రాడ్ మాటలను ఉదహరించారు. ఆ తీర్పులో మెజారిటీ వైపు నిలిచినవాళ్లలో హెగ్డే ఒకరు. ఒకప్పుడు రాజ్యసభలో కూర్చుని వెళ్లిన మనిషే పార్లమెంటు అధికారానికి హద్దు గీశాడు. నోట్సు మొదటి భాగాన్నీ జర్మనీ భాగాన్నీ కలిపి కుట్టే దారం ఇదే. 84వ పేజీ చివర సగం ఖాళీ ఉంది, అక్కడ రాసుకోండి.

అనుబంధం 34 పేజీలు. ఇందులో రెండు తప్పులు ప్రమాదకరమైనవి. “లా పట్టా చేతికి రాగానే దరఖాస్తు చేయవచ్చు” అని అర్హతల్లో ఉంది. 2025 మే 20న సుప్రీంకోర్టు మూడేళ్ల ప్రాక్టీసు నిబంధనను మళ్లీ తెచ్చింది. తాత్కాలిక ఎన్‌రోల్‌మెంటు తేదీ నుంచి లెక్క. పదేళ్ల అనుభవమున్న లాయరు ఇచ్చిన ధ్రువపత్రం మీద అక్కడి ప్రధాన న్యాయాధికారి సంతకం ఉండాలి. జడ్జీల దగ్గర లా క్లర్కుగా చేసిన కాలం కూడా కలుస్తుంది. అప్పటికే మొదలైన నియామకాలకు ఇది వర్తించదు. రెండోది కొత్త క్రిమినల్ చట్టాల పట్టిక. క్రిమినల్ కేసుల విచారణ పద్ధతి చెప్పే పాత సీఆర్‌పీసీ స్థానంలో బీఎన్‌ఎస్‌ఎస్ వచ్చింది. పాత సీఆర్‌పీసీ 482, అంటే హైకోర్టు అంతర్గత అధికారం, ఇప్పుడు బీఎన్‌ఎస్‌ఎస్ 528. బీఎన్‌ఎస్‌ఎస్ 482 అంటే ముందస్తు బెయిలు, పాత 438. నోట్సు 482ను 482గానే వదిలేసింది. మిగతా పట్టికలోనూ ప్రతి అంకెనూ అసలు చట్టంతో పోల్చి చూశాకే వాడండి.

చదివే పద్ధతి గురించి. మొదటి భాగం రెండుసార్లు చదివి, కృష్ణయ్యర్, హెగ్డే, సుబ్బారావులను పట్టుకోండి. జర్మనీలో మ్యూలర్ ఒక్కరు చాలు, లింబాహ్, హెర్త్సోగ్ అడిగితేనే. జవాబు రెండు నిమిషాలు దాటకూడదు. మొదట ‘కావచ్చు, కాపలా ఉంటే’ అని సూటిగా చెప్పి, కాపలా అంటే ముందే సంపాదించిన న్యాయ అర్హత, రెండు పక్షాలూ ఒప్పుకోవాల్సిన ఎన్నిక, ఒకేసారి దక్కే పదవీకాలం, కేసు నుంచి తప్పించే నియమం అని వివరించి, మ్యూలర్ రెండు కేసులతో ముగించండి. పేర్లు పలకడం ముందే అలవాటు చేసుకోండి: బుండెస్రాట్, బుండెస్టాగ్, కార్ల్స్‌రూహ. బుండెస్రాట్‌లో ఉండేది రాష్ట్ర ప్రభుత్వాల ప్రతినిధులు, మన రాజ్యసభలా ఎన్నికైన సభ్యులు కారు. మ్యూలర్ ముఖ్యమంత్రిగా అక్కడ బిల్లు పెట్టగలిగింది అందుకే. దీన్ని పొరపాటు పడితే 2018 కేసు మొత్తం అర్థం కాదు.

రాత పరీక్షకు మాత్రమే చదివేవాళ్లకు ఈ నోట్సు అక్కర్లేదు. అందులో సివిల్, క్రిమినల్ చట్టాలకూ, అనువాదానికీ ఉపయోగపడేది పెద్దగా ఏమీ లేదు. గ్రూప్-1 రాసేవాళ్లకు మొదటి భాగం, ఎన్నిక పద్ధతి పనికొస్తాయి, అనుబంధం వదిలేయొచ్చు. కడప, అనంతపురం నుంచి కర్నూలు వచ్చిపోయేవాళ్లు నలుగురు కలిసి ఒక కాపీ కొని, దిద్దుబాట్లు పెన్సిలుతో రాశాక జిరాక్సు తీసుకుంటే డబ్బూ మిగులుతుంది, దిద్దిన కాపీ అందరి దగ్గరా ఉంటుంది. 61, 66, 70, 76 పేజీలు ముందు దిద్దండి, తర్వాతే కాపీలు తీయించండి.